పుల్లలతో భోజనం: మీ ప్రశ్నలు, మా జవాబులు

చాప్‌స్టిక్స్ మీద, అంటే చైనా, జపాన్, కొరియావాళ్లు భోజనానికి వాడే జత పుల్లల మీద, ఉత్తరాలు కొంతకాలంగా వస్తూనే ఉన్నాయి. అమెరికా, జపాన్‌ల నుంచి వచ్చాయంటే సరే, పెనుకొండ నుంచీ విజయవాడ నుంచీ కూడా వస్తున్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయించాం. పేర్లు వేయొద్దని కొందరు కోరారు కాబట్టి అందరివీ ఊళ్లు మాత్రమే వేస్తున్నాం.

ప్ర: మా టీమ్ లంచ్ అంటే దాదాపు ఎప్పుడూ చైనీస్ రెస్టారెంటే. టీమ్‌లో ఉన్న అమెరికన్లు కూడా చాప్‌స్టిక్స్‌తో చకచకా తినేస్తారు, నేనొక్కదాన్నే ఫోర్క్ అడుగుతాను. వీడియోలు చాలా చూశాను, చూసినప్పుడు తేలిగ్గానే ఉంటుంది, పుల్లలు చేతిలోకి రాగానే అన్నీ మర్చిపోతాను. వచ్చే నెల మా డైరెక్టర్ అందరినీ డిన్నర్‌కి తీసుకెళ్తున్నారు, ఇప్పట్నుంచే టెన్షన్. అసలు కిటుకేమిటో చెప్పండి. — ఒక సోదరి, డాలస్

జ: ముందు టెన్షన్ సంగతి చూద్దాం. ఫోర్క్ అడగడం తప్పు కాదండీ, అడగ్గానే ఇస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. మీ టీమ్‌లో అమెరికన్లకు కూడా ఇది పుట్టుకతో వచ్చిన విద్య కాదు. 1972 ఫిబ్రవరి 21న బీజింగ్‌లో ప్రెసిడెంట్ నిక్సన్, చైనా ప్రధాని చౌ ఎన్‌లై పక్కన కూర్చుని చాప్‌స్టిక్స్‌తో విందు తింటుంటే అమెరికా అంతా టీవీలో వింతగా చూసింది. నిక్సన్ దంపతులు బయలుదేరే ముందే ప్రాక్టీసు చేసి మరీ వెళ్లారు. ఆ తర్వాతే అక్కడ చైనా వంటల మీద మోజు బాగా పెరిగింది. అంతకు ముందు 1965లో వచ్చిన ఇమిగ్రేషన్ చట్టం వల్ల తైవాన్, హాంకాంగ్ నుంచి చాలా కుటుంబాలు అమెరికా చేరాయి, మన డాక్టర్లూ ఇంజనీర్లూ వెళ్లింది కూడా ఆ చట్టం పుణ్యమే. కాబట్టి అక్కడ అందరూ నేర్చుకుంటూ వచ్చినవాళ్లే, మీరు కాస్త ఆలస్యంగా మొదలుపెడుతున్నారు, అంతే.

ఇక కిటుకు. చాలామంది చాప్‌స్టిక్స్‌ని పట్టకారులాగా అనుకుంటారు, రెండు కాళ్లూ కదులుతాయని. అక్కడే పట్టు తప్పుతుంది. రెండింట్లో ఒక్కటే కదులుతుంది. కింది పుల్ల అసలు కదలకూడదు. ఈ ఒక్క సంగతి చేతికి ఎక్కితే మిగతాదంతా అలవాటు మీద వచ్చేస్తుంది.

అందుకని మొదటి రోజు ఒక్క పుల్లే తీసుకోండి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉన్న ఒంపులో దాన్ని పడుకోబెట్టండి. కింది వైపు ఉంగరం వేలి మీద, గోటి పక్కన ఆనాలి. ఉంగరం వేలు కొద్దిగా వంగి ఉంటుంది, చిటికెన వేలు దానికి కింద ఆసరాగా ఉంటుంది, బొటనవేలి మొదలు పైనుంచి పుల్లని అదిమి ఉంచుతుంది. ఇప్పుడు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూడండి, పుల్ల జారకూడదు. చూపుడు వేలూ మధ్యవేలూ ఖాళీగా, స్వేచ్ఛగా ఆడాలి. ఇది కుదిరేదాకా రెండో పుల్ల జోలికి వెళ్లొద్దు. వీడియోల్లో ఈ భాగం రెండు సెకన్లలో అయిపోతుంది, అందుకే మీకు చేతిలోకి రాగానే మర్చిపోయినట్టు అనిపిస్తోంది.

తర్వాత రెండో పుల్ల. దీన్ని పెన్ను పట్టుకున్నట్టే బొటనవేలి కొస, చూపుడు వేలు, మధ్యవేలు కలిపి పట్టుకోండి. చూపుడు వేలూ మధ్యవేలూ వంచితే పై పుల్ల కిందికి వస్తుంది, చాపితే పైకి లేస్తుంది. బొటనవేలు ఇరుసు, అది ఉన్నచోటే ఉంటుంది. రెండు కొసలూ సమానంగా ఉన్నాయో లేదో చూసుకోండి, లేకపోతే ప్లేటు మీద మెల్లగా ఒకసారి తట్టి సరిచేసుకోండి. ఒక కొస ముందుకీ ఒకటి వెనక్కీ ఉంటే ఎంత నేర్పున్నా ముక్క నిలవదు.

కొత్తవాళ్లు చేసే మరో పని, భయం కొద్దీ పుల్లల్ని కొసలకు దగ్గరగా పట్టుకోవడం. పై నుంచి మూడో వంతు దగ్గర పట్టుకోండి, అప్పుడే నోరు బాగా తెరుచుకుంటుంది (పుల్లల నోరు!). గట్టిగా నొక్కకండి కూడా. వేళ్లు నొప్పి పుడుతున్నాయంటే పట్టు బిగిసిపోయిందని అర్థం. కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి అడ్డదిడ్డంగా పడుతుంటే, కింది పుల్ల ఉంగరం వేలి మీంచి జారిపోయి ఉంటుంది, ఆపి మళ్లీ సర్దుకోండి.

ప్రాక్టీసుకి పాప్‌కార్న్‌ని మించింది లేదు, తేలిగ్గా ఉంటుంది, గరుగ్గా ఉంటుంది, జారదు. టీవీ చూస్తూ తినండి, చెయ్యి తన పని తాను నేర్చుకుంటుంది. తర్వాత పనీర్ ముక్కలు, ఉల్లిపాయ పకోడీ, ఆ తర్వాత నూడుల్స్. నూడుల్స్ ఒక్కసారే కుప్పగా ఎత్తకుండా నాలుగు పోగులే పట్టుకుని, గిన్నెని నోటికి దగ్గరగా తెచ్చుకుని తినండి. వేయించిన పల్లీలు, ఉడికించిన శనగలు చివర్లో. పల్లీ గింజ పట్టుకోగలిగితే డిన్నర్‌లో మీకు అందనిదేదీ ఉండదు.

ఇంకో మాట. చైనీస్ డిన్నర్‌లో వంటకాలన్నీ బల్ల మధ్యలో పెట్టి అందరూ వడ్డించుకుంటారు, చాలాచోట్ల వడ్డనకి వేరే చాప్‌స్టిక్స్‌గానీ గరిటెగానీ ఉంటుంది. ఎంగిలి పట్టింపు మనకొక్కళ్లకే అనుకోకండి. 2003లో సార్స్ అనే అంటువ్యాధి వచ్చాక హాంకాంగ్‌లో ఈ వడ్డన పుల్లల అలవాటు బాగా పెరిగింది. వడ్డన జత కనిపిస్తే దాంతోనే తీసుకోండి. కనిపించకపోతే అడగండి, అడిగితే సంతోషిస్తారు.

ప్ర: నాకు వయసు డెబ్భై దాటింది. మనవళ్లు ఇంట్లో నూడుల్స్ తెప్పించుకుని పుల్లలతో తింటున్నారు, నన్నూ తినమంటున్నారు. దేవుడిచ్చిన చెయ్యి ఉండగా ఈ తంటా ఎందుకు? చెయ్యి కన్నా ఇవి ఏ రకంగా గొప్పవి? — విశ్రాంత ఉపాధ్యాయులు, విజయవాడ

జ: మాస్టారూ, గొప్పవి కావు. చెయ్యి కన్నా గొప్పవనీ కావు, తక్కువవనీ కావు. ఏ తిండికి ఏది కుదిరితే అది వచ్చింది.

చైనాలో అన్యాంగ్ దగ్గర తవ్వకాల్లో దొరికిన కంచు పుల్లలు సుమారు 3200 ఏళ్ల నాటివి. అవి తినడానికి కాదు, వంటకి వాడినవని పండితులు అంటారు, మరిగే కుండలోంచి ముక్క తీయడానికి, కలపడానికి. ఇక చైనావాళ్లు అన్నం దేంతో తినేవాళ్లో తెలిస్తే మీకు సంతోషం కలుగుతుంది: చేత్తో. నలుగురూ కలిసి ఒకే పాత్రలో అన్నం తినేటప్పుడు చేతులు రుద్దుకోకూడదని ప్రాచీన చైనా మర్యాదల గ్రంథం ఒకటి చెబుతుంది. చిరుధాన్యాల అన్నం తినడానికి పుల్లలు వాడొద్దని కూడా అందులోనే ఉంది. పుల్లలు కూరలోని ముక్కలకే. తర్వాతి కాలంలో గోధుమ పిండి నూడుల్స్, డంప్లింగ్స్ వాడకం పెరిగి, ముక్కలు వంటింట్లోనే చిన్నగా తరిగి వండే పద్ధతి స్థిరపడి, కత్తి భోజనాల బల్ల మీద లేకుండా పోయాక పుల్లలే ప్రధానమయ్యాయి.

అన్నం సంగతి కూడా ఉంది. జపాన్‌లో, ఉత్తర చైనాలో, కొరియాలో తినే పొట్టి గింజ బియ్యంలో అమైలోజ్ అనే పిండి పదార్థం తక్కువ, అందుకే ఆ అన్నం ముద్దముద్దగా అంటుకుంటుంది, పుల్లలకి చక్కగా వస్తుంది. మన సోనా మసూరి అన్నం ఏ మెతుక్కి ఆ మెతుకు విడిపోతుంది. పులుసు కలిపితే ఇక చెప్పేదేముంది. పప్పూ నెయ్యీ కలిపి ముద్ద చేయడానికి వేళ్లకి సాటి లేదు, ఆ పని పుల్లలతో చేయమని ఏ చైనావాడూ మిమ్మల్ని అడగడు. థాయిలాండ్ చూడండి, అన్నం చెంచాతో తింటారు, ఫోర్క్ దాన్ని చెంచాలోకి నెట్టడానికి. పుల్లలు నూడుల్స్‌కే. ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదువుతున్న మన పిల్లల్ని అడిగినా అక్కడ చెంచా, ఫోర్కే అని చెబుతారు.

కొత్త పనిముట్టు వస్తే నవ్వడం కూడా పాతదే. 1611లో టామస్ కొర్యాట్ అనే ఇంగ్లిషాయన ఇటలీలో చూసొచ్చిన ఫోర్క్ గురించి రాసి, తాను కూడా వాడితే, స్నేహితులు ఆయనకి పేరు పెట్టి ఏడిపించారు. ఆ కొర్యాటే తర్వాత కాలినడకన మన దేశం దాకా వచ్చి 1617లో సూరత్‌లో చనిపోయాడు. ఇప్పుడు ఫోర్క్ లేని ఇంగ్లండ్ భోజనాల బల్ల ఉందా?

మీరు తప్పకుండా నేర్చుకోవాలని చెప్పను. కానీ మనవళ్లు పక్కన కూర్చోబెట్టుకుని ఏదో నేర్పిస్తామంటున్నారు, ఆ అవకాశం మాత్రం వదులుకోకండి. ఇన్నేళ్లు సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద రాసిన చెయ్యి మీది, పై పుల్ల పట్టు మీకు చిటికెలో వస్తుంది.

ప్ర: కార్ల విడిభాగాల కంపెనీలో చేస్తున్నాను, మా పైవాళ్లు కొరియావాళ్లు. ఇక్కడ కొరియన్ హోటళ్లు చాలానే వచ్చాయి, అప్పుడప్పుడూ మమ్మల్ని తీసుకెళ్తారు. చెక్క పుల్లలతో బాగానే తింటాను, వీళ్ల స్టీలు పుల్లలతో మాత్రం ఏదీ ఆగదు. మర్యాదలు కూడా ఏవో ఉన్నాయంటున్నారు. — పెనుకొండ

జ: 2019లో కొరియా కంపెనీ కియా ఫ్యాక్టరీలో కార్ల తయారీ మొదలయ్యాక మీ ప్రాంతం రూపే మారిపోయింది, ఈ ప్రశ్న అక్కణ్నుంచి రావడం మాకు చాలా సంతోషంగా ఉంది. కొరియా పుల్లలు అన్నిటికన్నా కష్టం, అది మీ లోపం కాదు. చెక్కకి ఉండే గరుకు స్టీలుకి ఉండదు, పైగా గుండ్రంగా కాకుండా పలకగా, సన్నగా ఉంటాయి. పలక భాగం వేలికి ఆనేలా పట్టుకోండి, అంచు గుచ్చుకోదు, పుల్ల తిరగదు. చెక్కవాటికన్నా కాస్త కిందికి పట్టుకోవచ్చు. తడి చేత్తో మాత్రం పట్టుకోవద్దు.

ఇంతకన్నా ముఖ్యం, కొరియాలో అన్నీ పుల్లలతో తినరు. పొడుగు కాడ చెంచా ఒకటి పక్కనే ఉంటుంది చూడండి, అన్నమూ సూపూ దాంతోనే. పుల్లలు చుట్టూ చిన్న చిన్న గిన్నెల్లో పెట్టే బాంచన్‌కి, అంటే కిమ్చీ (కారం వేసి పులియబెట్టిన క్యాబేజీ), ఆకుకూరలు, మొలకలు, చేపలు వగైరాలకి. సగం కష్టం ఇక్కడే తీరిపోతుంది. చెంచా, పుల్లలు రెండూ ఒకే చేతిలో ఒకేసారి పట్టుకోకూడదు, ఒకటి పెట్టి ఒకటి తీయాలి. చైనాలో, జపాన్‌లో అన్నం గిన్నె ఎత్తి నోటి దగ్గర పెట్టుకోవడం మామూలు, కొరియాలో గిన్నె బల్ల మీదే ఉండాలి, ఎత్తితే మోటుగా చూస్తారు. పెద్దవాళ్లు చెంచా తీసేదాకా మీరు మొదలుపెట్టకండి. పెద్దవాళ్లు ఏదైనా ఇస్తే రెండు చేతులతో అందుకోండి. ఈ చివరి రెండూ మన ఇళ్లలో ఉన్నవే కాబట్టి మీకు వేరే నేర్పక్కర్లేదు.

కిమ్చీ ఆకు పెద్దదిగా వస్తే చేత్తో చింపకుండా రెండు పుల్లల్నీ ఆకులో ఆనించి, మెల్లగా పక్కలకి విడదీస్తే చీలుతుంది. ఇది కొంచెం సాధన మీద వస్తుంది. ఉప్పులో ఊరేసిన పెరిల్లా ఆకులు మాత్రం ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, ఒక ఆకు ఎత్తితే మూడొస్తాయి, అప్పుడు పక్కవాళ్లు తమ పుల్లలతో కింది ఆకుని నొక్కి పట్టి సాయం చేస్తారు. తన భార్యో భర్తో చూస్తుండగా స్నేహితులకి ఈ సాయం చేయొచ్చా కూడదా అని కొరియాలో టీవీ షోల్లో పెద్ద చర్చే నడిచింది! కొరియన్ సీరియల్స్ చూసేవాళ్లకి ఇది తెలిసే ఉంటుంది. ఈసారి భోజనంలో ఆ ఆకు వస్తే మీ పైవాళ్లని ఈ విషయం అడగండి, మాటలు వాటంతటవే నడుస్తాయి.

ప్ర: ఉద్యోగం మీద టోక్యో వెళ్తున్నాను, నిషి-కసాయ్‌లో రూమ్ దొరికింది. పుల్లలు పట్టుకోవడం వచ్చు. చేయకూడనివి బోలెడు ఉన్నాయని భయపెడుతున్నారు. అన్నీ గుర్తుపెట్టుకోవాలా? — గుంటూరు

జ: అన్నీ అక్కర్లేదు. పరాయి దేశంవాళ్లు చిన్న చిన్న తప్పులు చేస్తే జపాన్‌లో పట్టించుకోరు. కానీ రెండు మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి, ఎందుకంటే రెండూ చావుతో ముడిపడినవి.

మొదటిది, అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చకండి. చనిపోయినవాళ్ల ముందు గిన్నెడు అన్నం పెట్టి అలా గుచ్చుతారు. రెండోది, మీ పుల్లలతో పట్టుకున్న ముక్కని ఎదుటివాళ్ల పుల్లలకి అందించకండి, వాళ్లు అందిస్తే మీరూ పుల్లలతో అందుకోకండి, ప్లేటు ముందుకి జరపండి. అక్కడ దహనం అయ్యాక ఇంటివాళ్లే పెద్ద పుల్లలతో అస్థికలు ఏరి కలశంలో వేస్తారు, ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకి అందించేది ఆ ఒక్క సందర్భంలోనే. మనింట్లో ఎవరైనా తమాషాకి కర్మకాండలో చేసే పని భోజనాల దగ్గర చేస్తే అమ్మమ్మ ఎలా అదిరిపడుతుందో తెలుసు కదా, అక్కడి పెద్దవాళ్లకీ అంతే.

మిగతావి మర్యాద కోసం: పుల్లలతో మనుషుల్ని చూపించొద్దు, ముక్కని పొడిచి ఎత్తొద్దు, పుల్లతో గిన్నెని లాగొద్దు, ఏది తీసుకోవాలా అని వంటకాల మీద పుల్లలు తిప్పుతూ ఉండొద్దు. తినడం ఆపినప్పుడు పుల్లలు పెట్టుకోవడానికి చిన్న దిమ్మె ఉంటుంది, దాని మీద పెట్టండి. నూడుల్స్ జుర్రుకుంటూ తింటే తప్పు లేదు. మీసో సూప్‌కి చెంచా కోసం వెతక్కండి, గిన్నె ఎత్తి తాగడమే.

మన దేశంవాళ్లు నిషి-కసాయ్‌లో చాలామంది ఉంటారు కాబట్టి మొదటి వారం తోడు దొరుకుతుంది. కానీ అక్కడే ఉండిపోయి రోజూ ఇంటి తిండే తినకండి, ఆఫీసు పక్కన చిన్న రామెన్ కొట్టుకి కూడా వెళ్లండి.

ప్ర: మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. మొన్న పార్టీలో కొందరు చాప్‌స్టిక్స్ ముక్కుల్లో పెట్టుకుని, కళ్లు సాగదీసి, గొంతు మార్చి జోకులు వేశారు. నా చైనీస్ రూమ్‌మేట్ ఏమీ అనకుండా తన గదిలోకి వెళ్లిపోయింది. అందరూ నవ్వుతుంటే నేనేం మాట్లాడలేకపోయాను. ఇది నిజంగా అంత పెద్ద విషయమా? — మెల్‌బోర్న్

జ: పెద్ద విషయమేనమ్మా. పుల్లల కోసం కాదు, ఆ నవ్వు ఎవరి మీదో అందుకని.

2018 నవంబర్‌లో డోల్చే అండ్ గబ్బానా అనే ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ఒక ప్రకటన వేసింది. చైనా అమ్మాయి పిజ్జాని చాప్‌స్టిక్స్‌తో తినలేక తంటాలు పడుతుంటే, ఒక మగ గొంతు పాఠం చెబుతుంటుంది. చైనాలో జనం మండిపడ్డారు, షాంఘైలో జరగాల్సిన పెద్ద ఫ్యాషన్ షో రద్దయింది, కంపెనీ పెట్టినవాళ్లు వీడియోలో క్షమాపణ చెప్పారు. మరుసటి ఏడాది మీకు పక్కనే న్యూజీలాండ్‌లో బర్గర్ కింగ్ వియత్నాం రుచి బర్గర్ అంటూ, పెద్ద పెద్ద ఎర్ర పుల్లలతో బర్గర్ తినడానికి అవస్థ పడే మనుషుల్ని చూపించింది. ఆ ప్రకటననీ తీసేయాల్సి వచ్చింది. తమాషాకే చేశామని ఇలాంటప్పుడు ఎప్పుడూ అంటారు. స్కూల్లో డబ్బా తెరిచిన రోజు నుంచీ ఆ తమాషా పడుతూ వచ్చినవాళ్లకి అది తమాషా కాదు.

మనకి ఇది అర్థం కావాలంటే దూరం వెళ్లక్కర్లేదు. 2025లో న్యూయార్క్ మేయర్ ఎన్నికల సమయంలో భారత సంతతి అభ్యర్థి జోహ్రాన్ మమ్దానీ చేత్తో అన్నం తింటున్న వీడియో ఒకటి తిరిగింది, అమెరికా కాంగ్రెస్ సభ్యుడొకరు నాగరికులు ఇలా తినరన్నట్టు రాశాడు. అది చదివి మన ఇళ్లలో ఎంతమందికి కడుపు రగిలిందో గుర్తుందా? చేత్తో తినేవాణ్ని నవ్వే నోరూ, పుల్లలతో తినేవాళ్లని నవ్వే నోరూ ఒకటే.

ఆ రోజు మాట రాలేదని బాధపడుతూ కూర్చోకండి. మీ రూమ్‌మేట్ గదికి వెళ్లి, అక్కడ జరిగింది నాకు నచ్చలేదు, అప్పుడే చెప్పి ఉండాల్సింది అని రెండు ముక్కలు చెప్పండి. మళ్లీ అలాంటిది జరిగితే ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, నవ్వకుండా 'ఇందులో నవ్వేదేముంది?' అని అడిగితే చాలు, జోకు వేసినవాళ్లు దాన్ని వివరించలేరు.

ప్ర: మా పాపకి నాలుగేళ్లు. పైన కలిపి ఉండి, వేళ్లు దూర్చడానికి రింగులున్న ట్రైనింగ్ చాప్‌స్టిక్స్ కొన్నాం. వాటితో బాగా తింటోంది, మామూలువి ఇస్తే ఏడుస్తోంది. పైగా ఎడమ చేత్తో పట్టుకుంటోంది. — న్యూజెర్సీ

జ: రింగుల పుల్లలు ఉత్సాహానికి మంచివే, కానీ అవి కింది పుల్లని తామే పట్టి ఉంచుతాయి, వేళ్లు ఆ పని నేర్చుకోవు. అందుకే మామూలువి ఇవ్వగానే మొదటికొస్తుంది. మధ్య మెట్టు ఒకటి ఉంది: కాగితం కవర్లో వచ్చే చాప్‌స్టిక్స్ తీసి, ఆ కాగితాన్నే గట్టిగా చుట్టి, రెండు పుల్లల మధ్య పై కొస దగ్గర పెట్టి, రబ్బరు బ్యాండ్ వేయండి. చాలా రెస్టారెంట్లలో అడిగితే వాళ్లే చేసిస్తారు. కొన్నాళ్లయ్యాక కాగితం తీసేసి బ్యాండ్ ఉంచండి, తర్వాత బ్యాండ్ కూడా తీసేయండి. పిల్లలకి పొట్టి పుల్లలు విడిగా దొరుకుతాయి, పెద్దవాళ్లవి ఇవ్వకండి. నోట్లో పుల్లలు పెట్టుకుని పరుగెత్తనివ్వకండి, ఇది మాత్రం కచ్చితంగా.

ఎడమ చెయ్యి గురించి దిగులొద్దు. వెనకటి రోజుల్లో చైనా, జపాన్ ఇళ్లలో కూడా కుడి చేతికి మార్పించేవాళ్లు, ఇప్పుడు ఆ పట్టింపు బాగా తగ్గింది. తినేటప్పుడు పక్కవాళ్ల మోచెయ్యి తగలకుండా పాపని బల్లకి ఎడమ చివర కూర్చోబెట్టండి, సరిపోతుంది.

ప్ర: ఆర్డర్ పెట్టిన ప్రతిసారీ ఒక జత చెక్క పుల్లలు వస్తాయి, డ్రాయర్ నిండిపోయింది. కడిగి మళ్లీ వాడొచ్చా? — కొండాపూర్, హైదరాబాద్

జ: కడిగి తినడానికి వాడొద్దు. వాటికి ఏ పూతా ఉండదు, నీళ్లు పీల్చుకుంటాయి, సరిగ్గా ఆరకపోతే బూజు పడుతుంది. వాడనివైతే మొక్కలకి ఊతంగానో, పిల్లల క్రాఫ్ట్ పనికో పనికొస్తాయి.

అసలు బాధ వేరే ఉంది, ఒక్క పూట కోసం చెట్టు. చైనా 2006లోనే ఒకసారి వాడి పారేసే చెక్క పుల్లల మీద 5 శాతం పన్ను వేసింది, అడవులు తరిగిపోతున్నాయని. చెక్క కొరత ఎక్కడిదాకా వచ్చిందంటే, 2011 ప్రాంతంలో అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ అనే చిన్న ఊళ్లో చాప్‌స్టిక్స్ ఫ్యాక్టరీ పెట్టి, అక్కడి చెట్లతో చేసినవి చైనాకి ఎగుమతి చేశారు! అందుకని ఆర్డర్ పెట్టేటప్పుడు స్పూన్లూ పుల్లలూ వద్దనే చోట టిక్ పెట్టేయండి, ఇంట్లో ఒక మంచి జత ఉంచుకోండి.

బయట తినేటప్పుడు అతుక్కున్న జతని విరిచాక రెండింటినీ ఒకదానికొకటి రుద్దడం చాలామందికి అలవాటు. జపనీస్ రెస్టారెంట్‌లో అలా చేయకండి, మీరిచ్చినవి నాసిరకం అని వాళ్ల మొహం మీద అన్నట్టు ఉంటుంది. పెచ్చు లేస్తే వేరే జత అడగండి.

ప్ర: సుషీ చేత్తో తింటే తప్పా? — సియాటిల్

జ: తప్పు కాదు. అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టే నిగిరి సుషీని జపాన్‌లోనే చాలామంది చేత్తో తింటారు. సాషిమి మాత్రం, అంటే అన్నం లేని చేప ముక్కలు, పుల్లలతోనే.

ప్ర: థాయ్ రెస్టారెంట్‌లో కర్రీ, రైస్ తెప్పించుకుని చాప్‌స్టిక్స్ అడిగాను, వెయిటర్ వింతగా చూసింది. ఎందుకు? — లండన్

జ: పైన మాస్టారికి చెప్పిందే. థాయ్ అన్నం చెంచాతో తినేది. నూడుల్స్ సూప్ తెప్పించుకున్న రోజు అడగండి, సంతోషంగా ఇస్తారు.

ప్ర: కొడుకు దగ్గరికి శాన్ హోసే వెళ్తున్నాను, ఆరు నెలలు ఉంటాను. కోడలు తైవాన్ అమ్మాయి, వాళ్ల అమ్మానాన్న కూడా అప్పుడే వస్తున్నారట. భాష ఎలాగూ రాదు, కనీసం వాళ్లతో కూర్చుని వాళ్లలాగా తినాలని ఉంది. వేళ్లలో కాస్త వాతం నొప్పులున్నాయి. ఈ వయసులో వస్తుందా? ఏవి కొనుక్కోమంటారు? — రాజమండ్రి

జ: తప్పకుండా వస్తుందమ్మా. ఇంత మంచి కారణం ఇంకెవరూ రాయలేదు.

వెదురువి లేదా పూత లేని చెక్కవి కొనండి. మెరిసే ప్లాస్టిక్‌వి, లక్క పూత నున్నగా ఉన్నవి, స్టీలువి వద్దు, జారతాయి, జారేకొద్దీ గట్టిగా నొక్కుతారు, వేళ్లు నొప్పి చేస్తాయి. చైనా, తైవాన్ పుల్లలు పొడుగ్గా, సుమారు 25 సెంటీమీటర్లుండి, కొసలు మొద్దుగా ఉంటాయి. జపాన్‌వి కాస్త పొట్టిగా, కొసలు సన్నగా ఉంటాయి, చిన్న ముక్క సులువుగా దొరుకుతుంది, నేర్చుకునేటప్పుడు అవే నయం. కొసల దగ్గర సన్న గాట్లు ఉన్నవి దొరికితే ఇంకా మంచిది. రోజూ టిఫిన్ అయ్యాక కాసేపు మరమరాల మిక్స్చర్‌లో జంతిక ముక్కలు ఏరుకుంటూ ఆడుకోండి, నొప్పి అనిపిస్తే ఆపేయండి.

అక్కడికి వెళ్లాక వియ్యంకురాలిని మీ చెయ్యి సరిచేయమని సైగ చేసి అడగండి. తైవాన్ ఇళ్లలో పెద్దవాళ్లు మంచి ముక్క ఏరి అతిథి గిన్నెలో వేస్తారు, అది ఆప్యాయత, వద్దనకుండా తినండి. మీరు ఏవి తినరో కోడలితో ముందే చెప్పించండి. మీ వంతు వచ్చిన రోజు పప్పూ ఆవకాయా కలిపి, వాళ్లకి చేత్తో ముద్ద చేయడం నేర్పండి. నెయ్యి ఎక్కువే వేయండి, లేకపోతే కొత్తవాళ్లకి కారం ఆగదు.

చాప్‌స్టిక్స్ ప్రశ్నలు ఇంకా మిగిలి ఉంటే రాయండి. ఆకులో భోజనం వడ్డించే వరస మీద వచ్చిన ఉత్తరాలకి వచ్చే సంచికలో జవాబిస్తాం.